టాక్‌షోలో మాటను పట్టుకునేదెట్లా

టాక్‌షోలో ఎవరు ఏ మాట ఎట్లా అన్నారు, దానికి ఎదుటివాళ్లు ఏం చేశారు అని విడదీసి చూసే పద్ధతి ఒకటుంది, సంభాషణ విశ్లేషణ (కన్వర్సేషన్ అనాలిసిస్) అంటారు. అది చేయాలంటే ముందు ప్రోమో చూడడం ఆపండి. ప్రోమోలో యాంకర్ అడిగే ప్రశ్న ఒకటుంటుంది, దాని పక్కన అతికించిన హీరో మొహం ఇంకెప్పుడో ఇంకేదో ప్రశ్నకు పెట్టిన మొహం అయి ఉంటుంది, మధ్యలో ఢామ్మని ఒక మ్యూజిక్ ముక్క, మనమేమో "చూసినవా, ఎట్ల తెల్లబోయిండో" అనుకుంటాం. మనకు కావాల్సింది పూర్తి ఎపిసోడ్, అందులో ఒక రెండు మూడు నిమిషాల ముక్క. అంతకంటే ఎక్కువ వద్దు.

ఇది నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో పాలమూరు యూనివర్సిటీలోనో పీజీ చేస్తూ ప్రాజెక్టు టాపిక్ కోసం తిప్పలు పడుతున్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా. చదువుతో పనిలేకుండా ఊరికే "ఈయన జవాబు తప్పించుకున్నాడు గదా, ఎట్ల తప్పించుకున్నాడు" అని ఆలోచించేవాళ్లకైనా సరే.

నేను మొదటిసారి కూర్చున్నప్పుడు నలభై నిమిషాల ఎపిసోడ్ మొత్తం రాసేద్దామనుకున్నాను. ఎనిమిది నిమిషాల దగ్గర చేతులెత్తేసి, రాసినంతవరకు పట్టుకుని వెళ్తే మా గైడ్ సార్ పేజీలు తిప్పి, "ఇది విశ్లేషణ కాదు బాబూ, సినిమా రివ్యూ లెక్కుంది" అన్నారు. కోపమొచ్చింది కానీ ఆయనన్నది నిజమే. నేను రాసిందంతా 'ఇక్కడ హీరో ఇబ్బంది పడ్డాడు, ఇక్కడ అబద్ధం చెప్పాడు' అనే వరసే. ఇబ్బంది పడ్డాడని నీకెట్ల తెలుసు అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆయన మనసులో ఏముందో మనకు తెల్వదు, తెలుసుకునే దారి కూడా లేదు. మనకున్నది టేపు ఒక్కటే. అందులో ఎవరు ఏమన్నారు, దానికి ఎదుటివాళ్లు వెంటనే ఏం చేశారు, ఇంతవరకే మన సొత్తు. ఒక మాటకు అర్థమేందో తేల్చాల్సింది మీరు కాదు, ఆ తర్వాతి మాట తేలుస్తుంది. యాంకర్ జోక్ వేశాడా గుచ్చాడా అన్నది గెస్ట్ నవ్వాడా గొంతు సవరించుకున్నాడా అన్నదాంట్లో ఉంటుంది. కింద చెప్పేదంతా ఈ ఒక్క పని ఎట్లా చేయాలన్నదే.

ఈ పద్ధతికి మూలపురుషుడు హార్వీ సాక్స్ అనే అమెరికన్. 1960లలో లాస్ ఏంజెలెస్‌లో ఆత్మహత్య ఆలోచనలతో ఉన్నవాళ్లు ఫోన్ చేసే ఒక కేంద్రంలో రికార్డయిన కాల్స్ వింటుండగా ఆయనకు ఒక సంగతి తట్టింది. ఇటువైపు ఉద్యోగి తన పేరు చెప్పి "మీకేం సాయం కావాలి" అంటే, చాలామంది తిరిగి తమ పేరు చెప్పేవాళ్లు. ఒకాయన మాత్రం "మీ మాట వినబడట్లేదు" అన్నాడు. ఉద్యోగి మళ్లీ తన పేరు చెప్పాల్సి వచ్చింది, ఆ సందట్లో పేరు చెప్పాల్సిన చోటు దాటిపోయింది. పేరు చెప్పనని అనలేదు, అయినా చెప్పలేదు. టాక్‌షోలో మన హీరోలు, హీరోయిన్లు చేసేది చాలావరకు ఇదే పని, కాకపోతే ఇంకా ముద్దుగా చేస్తారు.

సరే, పనిలోకి వద్దాం.

ముక్క ఎంచుకోవడం

ఎపిసోడ్ ఒకసారి మామూలుగా చూడండి, టీ తాగుతూ చూడండి. ఎక్కడైతే మీకు "ఆఁ?" అనిపించిందో ఆ టైమ్ ఒక కాగితం మీద రాసుకోండి. అట్లాంటివి నాలుగైదు దొరుకుతాయి. వాటిలో కెమెరా కట్‌లు తక్కువున్నది తీసుకోండి. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే టాక్‌షో మన గడియారం సెంటర్ టీ హోటల్లో మాట్లాడుకున్నట్టు కాదు, గంటల తరబడి తీసి కోస్తారు. రెండు మాటల మధ్య ఉన్న మౌనాన్ని మీరు కొలుస్తున్నారనుకోండి, అది గెస్ట్ ఆలోచించిన మౌనమా ఎడిటర్ మిగిల్చిన మౌనమా? క్లోజప్ మారిన చోట వెనకాల ఏసీ హోరు, జనం గుసగుస ఒక్కసారిగా తెగిందేమో చెవి పెట్టి వినండి. తెగితే అక్కడ కోత ఉన్నట్టు. తెగకపోయినా కోత లేదని గ్యారంటీ లేదు, అందుకే యాంకర్, గెస్ట్ ఇద్దరూ ఒకే ఫ్రేమ్‌లో కనిపిస్తున్న వైడ్ షాట్ ముక్క దొరికితే వదలకండి. మధ్యమధ్యలో చూపించే ప్రేక్షకుల మొహాలను సాక్ష్యంగా వాడకండి, అవి ఎప్పుడు తీసినవో దేవుడికే తెలుసు.

వినడం, రాయడం

ఫోన్ స్పీకర్‌తో ఈ పని కాదు. వైరున్న ఇయర్‌ఫోన్స్ చాలు, ఖరీదైనవేమీ అక్కర్లేదు. యూట్యూబ్‌లో అయితే కంప్యూటర్ మీద వేగం సగానికి తగ్గించి, ఎడమ బాణం నొక్కితే ఐదు సెకన్లు వెనక్కి పోతుంది, ఆ ఒక్క బటన్‌తో సగం పని అవుతుంది. మౌనాలు కొలవాలంటే ఆడాసిటీ గానీ ప్రాట్ గానీ, ఈ సాఫ్ట్‌వేర్లలో ఒకటి కంప్యూటర్‌లోకి దించుకోండి. రెండూ ఉచితమే. ప్రాట్‌ను ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీలో పాల్ బోర్స్‌మా, డేవిడ్ వీనింక్ తయారుచేశారు, డచ్‌లో ఆ మాటకు 'మాట్లాడు' అని అర్థం. గొంతు లేచిందా పడిందా అన్నది గీతలా చూపిస్తుంది. వీడియో, రాత పక్కపక్కన పెట్టుకోవాలంటే ఎలాన్ అని ఇంకోటుంది. మొదటిసారికి ఇవన్నీ అక్కర్లేదు, ఒక నోట్‌బుక్కు, ఆడాసిటీ ఉంటే గడుస్తుంది.

మొదటి విడత మాటలు మాత్రం రాయండి. రెండో విడత ఎవరి మాట మీద ఎవరి మాట పడిందో. మూడో విడత మౌనాలు, ఊపిర్లు, నవ్వులు. అన్నీ ఒకేసారి రాస్తానంటే పిచ్చిపడుతుంది. నాకు ఒక నిమిషం ముక్కకు గంటకు పైనే పట్టింది, మీకూ అంతే పడుతుంది, టెన్షన్ పడకండి.

వాయిస్ టైపింగ్‌కు అప్పజెప్పి చేతులు దులుపుకోవద్దు. నేను ఒకసారి ఒక యాప్‌కు వినిపించి చూస్తే, గెస్ట్ "వచ్చిండు" అన్న ప్రతిచోటా అది "వచ్చాడు" అని సాఫు చేసి పెట్టింది. సినిమా పాత్రకు డబ్బింగ్ చెప్పినట్టు! మనకు కావాల్సిన సరుకే ఆ 'ఇండు'లో ఉంది, దాన్నే తీసేస్తే ఇంక ఏం చూస్తాం.

గుర్తుల సంగతి. ఈ రాతకు గెయిల్ జెఫర్సన్ అనే ఆమె పెట్టిన పద్ధతినే ప్రపంచమంతా వాడతారు. ఆమె సాక్స్ దగ్గర చదువుకుంది, అంతకుముందు టేపులు విని టైపు కొట్టే ఉద్యోగం చేసింది, గుర్తులు కూడా చాలావరకు టైప్‌రైటర్ మీద ఉన్నవే. మౌనాన్ని సెకన్లలో కొలిచి బ్రాకెట్‌లో రాస్తారు. మాట మీద మాట పడ్డ చోట రెండు లైన్లలోనూ చదరపు బ్రాకెట్ తెరుస్తారు. టక్కున తెగిన మాట చివర చిన్న అడ్డగీత. సాగదీస్తే రెండు చుక్కలు, ఎంత సాగితే అన్ని. ఊపిరి లోపలికి పీలిస్తే ముందు చుక్క పెట్టి 'హ్'. రాసేవాళ్లు తమ మాటగా చెప్పేది, అంటే నవ్వాడు, తలూపాడు లాంటివి, డబుల్ బ్రాకెట్లలో.

తెలుగులో ఇక్కడ ఒక చిక్కుంది, ఇది నాకెవరూ చెప్పలేదు, తప్పులు చేసి తెలుసుకున్నాను. మన భాషలో హ్రస్వం, దీర్ఘం మారితే మాటే మారిపోతుంది. 'వచ్చింది' వేరు, చివర సాగితే 'వచ్చిందీ', ఇంకా 'వచ్చిందా' అయితే ప్రశ్న. కాబట్టి గెస్ట్ సాగదీశాడని మీరు దీర్ఘం ఇవ్వొద్దు, చుక్కలే పెట్టండి. అట్లాగే పాలమూరు, నల్లగొండ దిక్కు గెస్ట్ "మంచిగ" అంటే "మంచిగ" అనే రాయండి, పుస్తకంలో ఉన్నట్టు "మంచిగా" చేయకండి. చుక్కలు పెట్టేటప్పుడు అది విసర్గలా కనబడకుండా చూసుకోండి, మా క్లాసులో ఒకమ్మాయి "అంటే::"ను సీరియస్‌గా "అంటేహ" అని చదివింది.

ఒక ముక్క దగ్గరగా

ఇది ఏ షోలోదీ కాదు, చూపించడానికి నేనే కట్టాను. యాంకర్‌ది కోస్తా తెలుగు అనుకోండి, నటుడిది నల్లగొండ జిల్లా నకిరేకల్ దిక్కు ఊరు.

1 యాంకర్: ఆ డైరెక్టర్‌గారూ మీరూ ఇప్పుడు మాట్లాడుకోవట్లేదట కదా
2 (1.2)
3 నటుడు: .హ్ అంటే:: మాట్లాడకపోవుడేంది
4 మొన్న కూడ ఫోన్ చేసిండు [ఆయనే
5 యాంకర్: [ఆయనే చేశారా
6 నటుడు: ఆయ- మేమిద్దరం ఎప్పుడు మాట్లాడుకుంటనే ఉంటం సార్
7 యాంకర్: ((నవ్వు)) సరే సరే

ఏడు లైన్లు. దీంట్లోంచే నాలుగు పేజీలు రాయొచ్చు.

మొదటి లైన్‌లో చూడాల్సింది 'అట'. తెలుగులో ఇంత చిన్న మాట ఇంత పెద్ద పని చేసేది ఇంకోటి లేదని నా అభిప్రాయం. "మాట్లాడుకోవట్లేదు" అంటే యాంకర్ నింద వేసినట్టు. "మాట్లాడుకోవట్లేదట" అంటే ఎవరో అంటున్నారు, నేను మోసుకొచ్చాను అంతే. గెస్ట్‌కు కోపమొస్తే ఆ ఎవరో మీద రావాలి కానీ యాంకర్ మీద కాదు. వార్తల ఇంటర్వ్యూలలో "ప్రతిపక్షాలు ఆరోపిస్తున్నాయి కదా" అన్నప్పుడు చేసేదీ ఇదే, తెలుగువాడికి దానికి రెండక్షరాలు చాలు. ఆ వెనకే 'కదా' చూడండి. అట అంటే నాకు తెలియదని, కదా అంటే ఒప్పుకొమ్మని. రెండూ ఒకే మాట చివర కూర్చున్నాయి. మీరు ఎంచుకున్న ఎపిసోడ్‌లో ఈ 'అట', 'అంటున్నారు', 'బయట టాక్' ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టండి, అవి ఏ ప్రశ్నలకు వచ్చాయో చూడండి. "మీరు పుట్టిందెక్కడ" అనేదానికి రాదు, రెమ్యునరేషన్‌కు, పెళ్లికి, గొడవలకు వస్తుంది.

రెండో లైన్ మౌనం. 1.2 సెకన్లు అంటే ఎంతనుకుంటున్నారు? 2009లో పది భాషల మీద అచ్చయిన ఒక పరిశోధనలో, అవును కాదు ప్రశ్నలకు జవాబు మొదలవడానికి పట్టే సమయం అన్ని భాషలూ కలిపి చూస్తే సగటున సెకనులో ఐదో వంతు దగ్గరుంది. జపనీస్‌లో అందరికంటే తక్కువ, డేనిష్‌లో ఎక్కువ, అదీ అర సెకను లోపే. ఆ పదిలో తెలుగు లేదు, కాబట్టి ఆ అంకెను తెచ్చి మన గెస్ట్ మీద పెట్టకండి. మీరు చేయాల్సింది ఏంటంటే, అదే ఎపిసోడ్‌లో అదే గెస్ట్ సులువైన ప్రశ్నలకు ఎంత సేపట్లో జవాబిచ్చాడో ఒక పదింటిని కొలిచి పెట్టుకోవడం. కొందరికి నిదానంగా మాట్లాడడం అలవాటు, పుట్టిన ఊరు అడిగినా ఒక క్షణం చూసి చెప్తారు. ఆయన మామూలు లెక్క తెలిశాకే ఈ 1.2 ఎక్కువో కాదో తెలుస్తుంది.

మూడో లైన్‌లో 'లేదు' అన్న మాట లేదు, గమనించారా? ఊపిరి పీల్చాడు, "అంటే" అని సాగదీశాడు, తర్వాత యాంకర్ మాటనే తిప్పి "మాట్లాడకపోవుడేంది" అన్నాడు. ఒప్పుకునే జవాబు వెంటనే, సాఫీగా వస్తుంది. కాదనే జవాబుకు ముందు మౌనం, ఊపిరి, "అంటే", "అట్ల కాదు గాని", "చూడండి" లాంటి సామాను వస్తుంది. ఇది గెస్ట్ గుణం కాదు, మాటల మర్యాద. పొద్దున పక్కింటివాళ్లు అప్పు అడిగితే మనమూ "అంటే ఏంలేదు వదినా" అనే మొదలుపెడతాం గదా.

నాలుగు, ఐదు లైన్లు నాకు అన్నిటికంటే ఇష్టం. తెలుగులో క్రియ చివర వస్తుంది, "చేసిండు" అనగానే వాక్యం అయిపోయినట్టే వినబడుతుంది. యాంకర్ సరిగ్గా ఆ క్షణానికి మాట అందుకోవడానికి లేచాడు. నటుడేమో క్రియ తర్వాత ఇంకో మాట, "ఆయనే", అతికించాడు. అందుకే రెండూ ఢీకొన్నాయి. దీన్ని 'యాంకర్ మాట మధ్యలో దూరాడు' అని రాస్తే తప్పు, ఆయన తన వంతు వచ్చిందనే లేచాడు. మాట మీద మాట పడ్డ ప్రతిచోటా అడగాల్సిన ప్రశ్న ఒకటే, అప్పటికి క్రియ వచ్చిందా లేదా. క్రియ రాకముందే దూరితే అది దూరడమే, వచ్చాక అయితే కాదు. టాక్‌షోలలో యాంకర్లు గెస్ట్‌ను మాట్లాడనివ్వరని మనం తిట్టుకునేదాంట్లో సగం ఈ క్రియ తర్వాతి తోకల గొడవే అని నా అనుమానం, ఒకసారి లెక్కపెట్టి చూడండి.

ఇంకొకటి. నటుడు "చేసిండు" అన్నాడు, యాంకర్ "చేశారా" అన్నాడు. దిద్దలేదు, "గారు అనండి" అని చెప్పలేదు, తన ప్రశ్నలో మర్యాద రూపం పెట్టి ఊరుకున్నాడు. ఇట్లా మాటల్లో దాచి దిద్దడాన్ని జెఫర్సన్ ప్రత్యేకంగా చర్చించింది. మీరు ఇక్కడ ఒక గుంతలో పడొచ్చు, జాగ్రత్త. మన దిక్కు "మా బాపు చెప్పిండు", "సార్ వచ్చిండు" అంటే అమర్యాద కాదు, వెనకాల మాట్లాడుకునేటప్పుడు పెద్దవాళ్లకూ అదే వాడతాం. కోస్తా చెవికి అది గౌరవం తగ్గినట్టు వినబడొచ్చు. కాబట్టి "నటుడు డైరెక్టర్‌ను తక్కువ చేసి మాట్లాడాడు" అని తీర్పు రాసేముందు, ఆయన తనకిష్టమైన పెద్దవాళ్ల గురించి ఏ రూపం వాడాడో అదే ఎపిసోడ్‌లో వెతకండి. వాళ్లకూ 'ఇండు' అంటే ఇది గొడవకు గుర్తు కాదు, ఊరికి గుర్తు.

ఆరో లైన్‌లో "ఆయ-" అని తెగింది. ఏదో అనబోయి ఆపి "మేమిద్దరం" అని వేరే దారి పట్టాడు. అడిగింది ఎవరు ఫోన్ చేశారని, చెప్పింది ఎప్పుడూ మాట్లాడుకుంటామని. తెగిన మాటకు పూర్తి రూపం ఏమై ఉంటుందో మీరు నింపకండి, తెగిందని, దారి మారిందని చెప్పండి, చాలు. 'మేము' కూడా చూడాలి. తెలుగులో మేము వేరు, మనం వేరు, చాలా భాషల్లో ఈ తేడా లేదు. 'మేమిద్దరం' అనగానే యాంకర్‌నూ, చూస్తున్న మనల్నీ గడప బయట నిలబెట్టినట్టయింది. అదే గెస్ట్ ఐదు నిమిషాల తర్వాత "మనందరం సినిమాను ప్రేమిస్తాం గదా" అంటే తలుపు తీసినట్టు. ఈ రెండు మాటల మీదే ఒక ప్రాజెక్టు చేయొచ్చు.

ఏడో లైన్‌లో యాంకర్ నవ్వి "సరే సరే" అన్నాడు, వదిలేశాడు. ఆ "సరే సరే" లేకుండా ఇంకోసారి అడిగి ఉంటే మన విశ్లేషణంతా మారేది. జవాబు చాలలేదని మీకనిపించడం కాదు, యాంకర్‌కు చాలిందా లేదా అన్నది ముఖ్యం. ఇక్కడ సరిపెట్టుకున్నాడు, కనీసం టేపు మీద.

ఇంకా వెతకాల్సినవి

"ఒకసారి ఏమైందంటే" అని గెస్ట్ అన్నాడంటే కథకు పర్మిషన్ అడుగుతున్నట్టు. యాంకర్ "ఆఁ, చెప్పండి" అన్నాడా, మొహం ముందుకు వంచాడా, కార్డు చూసుకున్నాడా రాసుకోండి. కథ అయిపోయాక ఎవరు ముందు నవ్వారు? చెప్పినవాళ్లే ముందు నవ్వితే యాంకర్ వెనక నవ్వుతాడు, అందరూ నవ్వితే బాగుంటుంది, ఎవరూ నవ్వకపోతే గెస్ట్ కథకు ఇంకో తోక తగిలిస్తాడు. ఆ తోక దొరికితే పండగే.

పొగడ్తలు. "ఆ సీన్‌లో మీరు ఇరగదీశారు" అంటే ఒప్పుకుంటే గొప్పలు పోయినట్టు, కాదంటే పొగిడినవాళ్ల మాట తీసేసినట్టు. ఈ రెండిటి మధ్య గెస్ట్‌లు పడే తిప్పలు చూడండి: "అయ్యో, అదంతా డైరెక్టర్‌గారి దయ", "మీ అభిమానం". పొగడ్తను పట్టుకోకుండా పక్కవాళ్లకు అందిస్తారు, వేడి గిన్నె అందించినట్టు.

పిలుపులు. అన్న, అక్క, సార్, గారు, నువ్వు, మీరు. ఇవి ఎక్కడ మారాయో గుర్తుపెట్టండి. మీరు, గారు అంటూ వచ్చిన యాంకర్ కష్టమైన ప్రశ్నకు ముందు "అన్నా, ఒకటి అడగనా" అన్నాడంటే ఆ అన్న ఊరికే రాలేదు. అట్లాగే యాస మారే చోట్లు. స్టూడియోలో కూర్చుని పత్రిక తెలుగు మాట్లాడే మన దిక్కు గెస్ట్, అమ్మ మాట చెప్పేటప్పుడు "మా అమ్మ ఏమన్నదంటే" అని ఊరి తెలుగులోకి దిగుతాడు. అది అమ్మ గొంతును వినిపించడమా, తానే ఊరికి పోవడమా? అమ్మ మాట అయిపోయాక ఎన్ని వాక్యాలకు మళ్లీ స్టూడియో తెలుగుకు వచ్చాడో చూస్తే తెలుస్తుంది. ఇంగ్లిష్‌కు మారే చోట్లూ అంతే, డిప్రెషన్, బ్రేకప్ లాంటి నొప్పి మాటలు ఇంగ్లిష్‌లో వచ్చి, కోపం తెలుగులో వస్తుందేమో పరీక్షించండి.

రాసేటప్పుడు

ముక్క ముందు పెట్టండి, మీ మాట తర్వాత. ప్రతి మాటకూ లైన్ నంబర్ ఇవ్వండి: "లైన్ 2లో మౌనం, లైన్ 3లో 'అంటే', లైన్ 6లో తెగిన మాట" అన్నట్టు. 'ఇబ్బంది పడ్డాడు', 'అహంకారం', 'నటిస్తున్నాడు' లాంటి మాటలు ఎర్ర పెన్నుతో చుట్టి, వాటి కింద ఏ లైన్ ఉందో చూడండి. లైన్ లేకపోతే కొట్టేయండి. అభిమాన హీరో ఎపిసోడ్ మాత్రం తీసుకోకండి, నచ్చనివాడిదీ తీసుకోకండి, చెవి అబద్ధం చెప్తుంది.

పోల్చడానికి మామూలు మాటలు కావాలంటే మీ ఇంట్లోనో టీ హోటల్లోనో రికార్డు చేయొచ్చు, కానీ అడిగి చేయండి, ఒప్పుకున్నాక పేర్లు మార్చండి. మా చిన్నాయన ఒప్పుకుని, ఫోన్ ముందు పెట్టగానే పది నిమిషాలు వార్తలు చదివినట్టు మాట్లాడాడు. "ఆపినవా?" అని అడిగి, నేను ఇంకా ఆపలేదని చూసుకోకుండా, ఆ తర్వాత అసలు మాటలు మొదలుపెట్టాడు. అది మళ్లీ అడిగి, ఆయన వినిపించమంటే వినిపించి, "ఉండనీ తీ" అన్నాకే వాడుకున్నాను.